అబద్ధమాడితే ఆడపిల్ల

ఆ రివ్యూలో మొదటి పేరా చదివినప్పుడు ధాత్రికి కోపం వచ్చింది. రెండో పేరా చదివేసరికి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి.

కోపం రావడంలో వింత లేదు. నెలన్నరగా పొగడ్తలు వినీ వినీ ఆమెకు అవి అలవాటైపోయాయి. కిచెనర్ అనే ఊళ్లో ఒకప్పుడు బొత్తాలు తయారుచేసిన పాత ఇటుక కట్టడంలో, పై అంతస్తులో ఒక చిన్న యానిమేషన్ స్టూడియో ఉంది. అందులో కథా విభాగానికి ధాత్రి అధిపతి. అధిపతి అంటే మరీ హడలిపోనక్కర్లేదు, ఆ విభాగంలో ఉన్నది ఆమె ఒక్కతే. ఆమె రాసిన యానిమె సీరీస్ ‘హానెస్ట్‌లీ హరు’ జనవరిలో విడుదలైంది. కథ కిచెనర్‌ది, బొమ్మలు జపాన్‌వి. హరు అనే హైస్కూలు కుర్రాడు అబద్ధమాడితే చాలు, నిలబడ్డచోటే అమ్మాయిగా మారిపోతాడు. నిజం ఒప్పుకుంటే మళ్లీ అబ్బాయి అవుతాడు. వాడేమో నోరు తెరిస్తే అబద్ధమే. ఇక పదమూడు ఎపిసోడ్ల పాటు జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

అబ్బాయి అమ్మాయైపోయే కామెడీలు యానిమెల్లో కొత్తేమీ కాదు. అయినా విమర్శకులు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. ‘ఇంత శుభ్రమైన హాస్యసూత్రం ఈ మధ్య చూడలేదు’ అని ఒకాయన రాశాడు. ‘హరు అద్దంలో చూసుకుని కేక పెట్టే ప్రతిసారీ నవ్వాను, ఎందుకు నవ్వుతున్నానో తెలిసి కూడా నవ్వాను’ అని ఒకావిడ రాసింది. స్టూడియో యజమాని యోగానంద్ ఆ రివ్యూలన్నీ ప్రింట్ తీసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాడు. పాలు తీసుకోవడానికి వెళ్లినవాళ్లు వాటిని చదివి తీరాల్సిందే. రెండో సీజన్‌కి మాట కూడా అయిపోయింది.

ఆ గురువారం పదకొండింటికి, ప్రేక్షకులు తమ అభిప్రాయాలు రాసుకునే ఒక సైట్‌లో కనపడింది ఈ ఒంటి స్టార్ రివ్యూ. రాసినవాళ్ల పేరు లేదు. ఇంగ్లీషులో సాదాగా ఉంది.

‘అందరూ నవ్వుతున్నారు కాబట్టి నేనొక ప్రశ్న అడుగుతాను. ఈ కథలో అమ్మాయి కావడం ఎందుకు శిక్ష? అమ్మాయి ఎందుకు అబద్ధం, అబ్బాయి ఎందుకు నిజం? పదమూడు ఎపిసోడ్లలో ఒక్కసారైనా హరుకి అలాగే ఉండిపోవాలని అనిపించలేదా?’

ఇది మొదటి పేరా. వచ్చాడండీ మహామేధావి అనుకుంది ధాత్రి. మూతి తిప్పి, కాఫీ గుక్కెడు తాగి, కిందికి జరిపింది.

‘ఈ రూల్ తనకు బస్సులో తట్టిందని రచయిత్రి ఇంటర్వ్యూల్లో చెప్పింది. అది అబద్ధం. అది ఒక అమ్మ వంటింట్లో నిలబడి కొడుకుని బెదిరించిన మాట. ఆ అమ్మ భాషలో అబద్ధాన్ని ఆడతారు. ఆ భాషలో ఆడడం అన్న మాటా, ఆడపిల్ల అన్న మాటా ఒకేలా మొదలవుతాయి. అంతే. మొత్తం సీరీస్ అక్కడి నుంచే పుట్టింది. ఆ కొడుకు దాన్ని నమ్మాడు. రెండో సీజన్ వస్తోందట. చూడటానికి నేనుండను.’

ధాత్రి కాఫీ కప్పుని బల్ల మీద పెట్టేసింది.

‘అబద్ధమాడితే ఆడపిల్లవైపోతావురోయ్’. కాకినాడలో వాళ్ల వంటింట్లో అమ్మ అన్న మాట అది. దాన్ని విన్నవాళ్లు ఈ ప్రపంచంలో ఇద్దరే. ఒకరు తను. రెండోవాడు తన తమ్ముడు లోహిత్. తొమ్మిదేళ్లు చిన్నవాడు. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో మరో ఏడుగురు కుర్రాళ్లతో ఉంటూ కాలేజీకి వెళ్తున్నాడు.

చూడటానికి నేనుండను.

ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది, మళ్లీ స్విచాఫ్. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌కి ఒక్క టిక్కే పడింది. పైకి జరిపి చూస్తే, సీరీస్ విడుదలైన రోజు తను పంపిన లింకు ఉంది. ‘చూడరా, హరు అమ్మాయిగా మారినప్పుడు ఆ మొహం ఎవరిదో కనిపెట్టు!’ అని రాసింది. దానికి లోహిత్ ఒక బొటనవేలు బొమ్మ పంపాడు. అంతే. ఆ బొటనవేలిని సంతోషం అనుకుంది ధాత్రి. ఆ తర్వాత తన హడావుడిలో తనుండి, ఫోన్ చేయడమే మానేసింది.

లోహిత్ రూమ్మేట్ ప్రజ్వల్ నంబర్ ఎప్పుడో దాచుకున్నది ఉంది. కరీంనగర్ కుర్రాడు. రెండో రింగుకే ఎత్తాడు.

“అక్కా, నేనే చేద్దామనుకుంటున్న. లోహిత్ రెండు దినాల సంది రూంలకెల్లి బయటికి వస్తలేడు. వేర్‌హౌస్‌ల షిఫ్ట్‌కి గూడ రాలె. ఏమైందిరా అంటే హెడేక్ అన్నడు. పొద్దుగాల బాత్రూంల నీళ్ల సప్పుడైతే వచ్చింది. ఆయెనక తలుపు కొడితే పలుకలే.”

“ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?”

“ఎవ్వలు లేరక్కా. అందరం వేర్‌హౌస్‌లనే ఉన్నం. నేను రెండింటికల్లా వస్త. ఏమన్న అయ్యిందా అక్కా?”

“ఏం కాలేదు,” అంది ధాత్రి. కోటు ఒక చేతికే తొడుక్కుని, రెండో చెయ్యి వేలాడుతుండగానే మెట్లు దిగింది. వెనక నుంచి యోగానంద్ “ధాత్రీ, సాయంత్రం జపాన్ వాళ్లతో కాల్ ఉంది!” అని అరిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

మామూలు రోజుల్లో కిచెనర్ నుంచి బ్రాంప్టన్‌కి గంట. ఆ రోజు పొద్దున కురిసిన మంచు హైవే అంచుల్లో బురదగా పేరుకుని ఉంది. ముందు పోతున్న లారీలు ఆ బురదని అద్దం మీదకి చిమ్ముతున్నాయి. వైపర్లు కొట్టుకుంటున్నాయి. పొద్దున నీళ్ల చప్పుడు వచ్చిందన్నాడు, పొద్దున నీళ్ల చప్పుడు వచ్చిందన్నాడు అని ధాత్రి పైకే అనుకుంటూ నడిపింది. ఆ ఒక్క మాటా గట్టిగా పట్టుకోకపోతే ఇంకో మాట మనసులోకి దూరిపోతుందని ఆమెకు భయం. ఈ దేశంలో తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో రెండు మూడు నెలలకోసారి చనిపోయిన ఒక కుర్రాడి ఫొటో తిరుగుతుంది. కింద చేతులు జోడించిన బొమ్మలు ఉంటాయి. ఆ పిల్లల అక్కలెవరో, చివరిసారి ఎప్పుడు ఫోన్ చేశారో అని ధాత్రి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది.

ఫొటో అనుకోగానే ఇంకో ఫొటో గుర్తొచ్చింది.

లోహిత్‌కి పుట్టువెంట్రుకలు ఐదో ఏట తీయించారు. తిరుపతి వెళ్లే ముందురోజు, ఆ జుట్టు పోతుంది కదా అని, అందరు అమ్మల్లాగే వాళ్లమ్మ కూడా పిల్లాడికి పట్టుపరికిణీ కట్టి, కనకాంబరాలూ మల్లెలూ కుట్టి పూలజడ వేసి, స్టూడియోకి తీసుకెళ్లి ఫొటో తీయించింది. అద్దంలో జడ కూడా పడేలా వెనక్కి తిరిగి, భుజం మీదుగా చూస్తున్న ఫొటో. ఆ కళ్లలో ఉన్న వెలుగుని ధాత్రి ఎప్పుడూ మర్చిపోలేదు. మర్నాడు కొండ మీద మంగలి కత్తి పెట్టినప్పుడు వాడు ఊపిరాగిపోయేలా ఏడ్చాడు. కత్తికి భయపడ్డాడన్నారందరూ.

జపాన్ నుంచి బొమ్మల దర్శకుడు, హరు అమ్మాయైతే ఎలా ఉంటాడో కొంచెం చెప్పండి అని అడిగినప్పుడు ధాత్రి ఆ ఫొటో పంపింది. తమ్ముణ్ని ఒక్క మాట అడగలేదు. ఆయనకు ఆ పూలజడ తెగ నచ్చింది. ఆ కళ్లు మరీ నచ్చాయి. హరు పక్కకి తిరిగి భుజం మీదుగా చూసే ఆ చూపే పోస్టరైంది. పోయిన వారం ఒక పత్రిక వాళ్లు ‘హరు ఎలా పుట్టాడు’ అని వ్యాసం రాస్తే, పోస్టర్ పక్కన ఆ చిన్నప్పటి ఫొటో కూడా వేసుకోమని ధాత్రే ఇచ్చింది. కింద ‘రచయిత్రి తమ్ముడు లోహిత్’ అని పడింది. ఆ వ్యాసాన్ని మనవాళ్లు ఎన్ని గ్రూపుల్లో పంచుకున్నారో లెక్కలేదు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఎనిమిది మంది మగపిల్లలున్న బేస్‌మెంట్‌లో, వేర్‌హౌస్‌లో, ఆ ఫొటో పట్టుకుని తమ్ముణ్ని ఎన్ని మాటలని ఉంటారో! సిగ్గుతో చచ్చిపోయి ఉంటాడు అనుకుంది. అనుకున్నాక ఆ మాటకి తనే బెదిరిపోయింది.

మిల్టన్ దాటాక వెనక నుంచి అంబులెన్స్ వచ్చింది. ధాత్రి పక్కకి తప్పుకుంది. అది దాటిపోయాక దాని వెనకే, దాన్ని వదలకుండా నడిపింది. అది బ్రాంప్టన్ వైపు తిరిగితే? చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. దేవుడి పేరు ఒక్కటీ గుర్తు రాలేదు. రెండు ఎగ్జిట్లు దాటాక అంబులెన్స్ మిసిసాగా వైపు దిగిపోయింది. ఇంకెవరి ఇంటికో అది వెళ్తోందని తెలిసి కూడా ధాత్రికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

ఆ ఇంటికి పక్కవైపు తలుపు. తాళం వేయలేదు. మెట్ల మీద బూట్ల గుట్ట, తడిసిన జాకెట్లు, పోపు వాసన. చివరి గది తలుపు కింద నుంచి వెలుతురు కనపడింది. ధాత్రి రెండు చేతులతో తలుపు బాదింది.

“ఒరేయ్ లోహిత్! నేనురా, అక్కని. తలుపు తియ్యరా.”

తలుపుకి చెవి ఆనించింది. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

“తప్పైపోయిందిరా. ఫొటో నిన్నడక్కుండా ఇచ్చాను. బుద్ధి గడ్డి తిని ఇచ్చాను. ఎవడెవడు ఏమన్నాడో చెప్పు, ఒక్కొక్కణ్నీ నేను చూసుకుంటా. ఆ ఫొటో తీసేయమని ఇప్పుడే చెప్తా. ఒక్కసారి పలుకు నాన్నా, నీకు దణ్ణం పెడతా.”

“ఫొటో తీయొద్దు.”

గొంతు బొంగురుగా, తలుపుకి చాలా దగ్గర నుంచి వచ్చింది. ధాత్రి తలుపు ముందే నేల మీద చతికిలపడింది. బతికే ఉన్నాడు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

“ఏంటన్నావు?”

“ఫొటో బాగుందక్కా. నా దగ్గరున్న ఫొటోలన్నిట్లో అదొక్కటే బాగుంటుంది. దాన్ని తీయకు.”

గడియ తీసిన చప్పుడైంది. లోహిత్ తలుపు కాస్త తెరిచి, వెళ్లి పరుపు మీద గోడకానుకుని కూర్చున్నాడు. దీపావళికి చూసినప్పుడు ఉన్ని టోపీ నెత్తి మీద నుంచి తీయలేదు, చలి అన్నాడు. ఇప్పుడు టోపీ లేదు. జుట్టు భుజాల దాకా ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. ధాత్రి లోపలికొచ్చి, గది నాలుగు మూలలూ చూసింది. పురుగుల మందు సీసా కోసం, తాడు కోసం చూస్తున్నానని ఆమెకే తర్వాత తెలిసింది. ల్యాప్‌టాప్, రైస్ కుక్కర్, పుస్తకాలు. అంతే.

“చూడటానికి ఉండను అని రాశావేంటి?” అంది.

“సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేశా,” అన్నాడు లోహిత్. నవ్వబోయాడు గానీ కుదరలేదు. తల దించుకున్నాడు. “రాసినప్పుడు నువ్వనుకున్న అర్థంతోనే రాశాలే. మొన్న. ఇవాళ అలా లేదు. ఇవాళ పొద్దున లేచాక ఆకలేసింది.”

ధాత్రి పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. వదిలితే ఎక్కడికో జారిపోతుందన్నట్టు పట్టుకుంది.

“ఫొటో కాకపోతే మరి ఎందుకురా ఇదంతా? నా సీరీస్ అంత ఛండాలంగా ఉందా?”

“చాలా బాగుంది. అదే నా బాధ. మా రూమ్‌లో అందరూ పడీపడీ నవ్వారు. నేనూ వాళ్లతో కూర్చుని పదమూడు ఎపిసోడ్లూ నవ్వా.” లోహిత్ ఆమె వైపు తిరిగాడు. “అక్కా, చిన్నప్పుడు నేను అన్ని అబద్ధాలు ఎందుకాడానో నీకు తెలుసా?”

ఎందుకేమిటి? లోహిత్ అబద్ధాలు వాళ్లింట్లో రోజూ ఉండే వినోదం. స్కూల్లోకి ఏనుగొచ్చింది అనేవాడు. పదకొండు ఇడ్లీలు తిన్నాను అనేవాడు. హెడ్మాస్టారు చెట్టెక్కారు అనేవాడు. అన్నాక ఒక్క పరుగున వెళ్లి బీరువా అద్దంలో మొహం చూసుకునేవాడు. ఆడపిల్లనైపోయానేమో అని బెంగ వెధవకి, అని అమ్మా తనూ విరగబడి నవ్వేవాళ్లు. హరు అద్దంలో చూసుకుని పెట్టే కేకలన్నీ ధాత్రికి ఆ బీరువా ముందు నుంచే వచ్చాయి.

“భయం లేక ఆడేవాడివి,” అంది.

“అమ్మ మాట నమ్మానక్కా. ఆడితే అయిపోతానంది కదా. రోజుకి పది ఆడా, ఇరవై ఆడా. చిన్నవి పనిచేయట్లేదేమో అని పెద్దవి ఆడా. ఒక్కటీ పనిచేయలేదు.” లోహిత్ గోడ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. “అద్దంలో చూసుకుని, ఏం మారలేదని ఏడ్చేదాన్ని. మీరు నవ్వేవాళ్లు.”

ధాత్రి తప్పు విన్నాననుకుంది. తెలుగులో ‘ఏడ్చాను’ అంటే ఆడా మగా తెలియదు. ‘ఏడ్చేవాణ్ని’ అంటే తెలుస్తుంది. ఇరవై రెండేళ్లలో లోహిత్ నోట ఆ మాట ‘వాణ్ని’ తోనే ముగిసింది.

“ఏడ్చే... ఏంటీ?”

“విన్నావుగా.”

ధాత్రికి కొండ మీద ఆ ఏడుపు గుర్తొచ్చింది. అది కత్తికి కాదు. ఇన్నేళ్ల తర్వాత ఆ ఏడుపు ఇప్పుడే వినపడింది. లోకం మెచ్చిన తన హాస్యసూత్రం ఏమిటి? ఈ బిడ్డ దాచుకున్న ఒకే ఒక్క కోరికకి అబద్ధమని పేరుపెట్టి, నలభై సార్లు కేక పెట్టించి, నవ్వమని జనానికి చూపించడం. మొహం కూడా ఆ బిడ్డదే తీసుకుంది. ఫ్రిజ్ మీద అంటించిన కాగితాల్లో ఒక్క విమర్శకుడికీ ఇది కనపడలేదు. వాళ్లకెలా కనపడుతుంది, ఒకే మంచం మీద పడుకుని పెరిగిన తనకే కనపడనప్పుడు?

“ఇంకెవరికి తెలుసు?”

“నీకు. ఇప్పుడు.” లోహిత్ వేళ్లు ఆమె వేళ్లని గట్టిగా పట్టుకున్నాయి. “చెప్పకక్కా ఎవరికీ. ఇక్కడ అందరూ మంచోళ్లే. కానీ తెలిశాక ఎలా ఉంటారో నాకు తెలీదు. అమ్మకి అసలే చెప్పకు. నాకు చాలా భయంగా ఉంది.”

“నాకూ భయంగానే ఉంది,” అంది ధాత్రి. అది నిజం. ఇంతసేపూ ఈ ప్రాణం ఉందో లేదో అని భయపడింది. ఇప్పుడు ఉంది. ఇక ఈ ప్రాణం వీధిలో నడవాలి, కాలేజీకి వెళ్లాలి, కాకినాడ ఫోన్లు ఎత్తాలి, పెళ్లిళ్లకి వెళ్లాలి. ఒక్కోచోటా ఎవరేమంటారో, ఎవరు చెయ్యెత్తుతారో అని ఇక రోజూ భయపడాలి. ఆ భయం పోయేది కాదని ఆమెకు తెలుసు.

“బ్యాగ్ సర్దు. కొన్నాళ్లు కిచెనర్‌లో నా దగ్గర ఉందువుగాని. రా...” అని ఆగింది. ఆ ‘రా’ రమ్మనడమా, ఎప్పుడూ అనే ‘ఒరే’కి తోకా? ఏదైనా సరే ఆ మాట అక్కడే తెగిపోయింది. లోహిత్ అది గమనించినట్టు చూశాడు. లేచి, బ్యాగ్ కోసం పరుపు పక్కన వెతికాడు.

పైన తలుపు చప్పుడైంది. బూట్లు విదిలించుకుంటూ ఎవరో గబగబా మెట్లు దిగారు. లోహిత్ చటుక్కున టోపీ అందుకుని నెత్తిన లాక్కున్నాడు. ధాత్రి లేచి వెళ్లి, గదిలోకి చూపు పోకుండా తలుపుకి అడ్డంగా నిలబడింది.

ప్రజ్వల్. జాకెట్ మీద మంచు, మొహాన చెమట. సగం షిఫ్ట్ వదిలేసి వచ్చినట్టున్నాడు.

“అక్కా,” అన్నాడు ఆయాసపడుతూ. “లోహిత్ ఎట్లున్నడు?”

అడిగింది చిన్న ప్రశ్నే. ఎదురుగా ఉన్న మనిషిని నువ్వు అంటే సరిపోతుంది, ఏదీ తేల్చనక్కర్లేదు. మూడో మనిషికి చెప్పాలంటే తెలుగు ఒప్పుకోదు. ఏదో ఒకటి తేల్చి తీరాలి. ‘బాగానే ఉన్నాడు’ అన్న మాట ధాత్రి నాలుక చివరిదాకా అలవాటుగా వచ్చేసింది. అది అంటే ప్రమాదం లేదు. ఎవరికీ ఏమీ తెలియదు. వెనక బ్యాగ్ జిప్ చప్పుడు ఆగిపోయింది. లోహిత్ వింటున్నాడని ఆమెకు తెలిసింది.

“బాగానే ఉంది,” అంది.

ప్రజ్వల్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. పరిస్థితి బాగానే ఉందని అర్థం చేసుకున్నాడు పాపం. ఎవరైనా అలాగే అర్థం చేసుకుంటారు. “మంచిదక్కా, మస్తు పరేషానైన. చాయ్ పెడ్త,” అని వంటగట్టు వైపు వెళ్లిపోయాడు.

ధాత్రి తలుపు మూసి గడియ పెట్టింది. వెనక్కి తిరిగేసరికి లోహిత్ బ్యాగ్ వదిలేసి, నేల మీద మోకాళ్లలో మొహం దాచుకుని కూర్చుని ఉంది.

“ఇంకోసారి అనక్కా,” అంది.